కెమెరా కొలవాల్సింది పనిని, పనివాణ్ని కాదు

మనిషి కదులుతున్నప్పుడు అతని మెడ, భుజం, మణికట్టు, నడుము, మోకాలు ఏ క్షణాన ఎక్కడున్నాయో, ఎంత వంగాయో అంకెల్లో నమోదు చేసే పరిజ్ఞానం మోషన్ క్యాప్చర్. తెలుగు ప్రేక్షకుల్లో చాలామంది ఈ మాట 2014లో వచ్చిన రజనీకాంత్ చిత్రం ‘విక్రమసింహ’ సందర్భంలోనే విన్నారు. తెరమీది బొమ్మకు నడక నేర్పిన ఆ పద్ధతినే ఇప్పుడు కర్మాగారాల్లో కార్మికుల నడుంనొప్పికి మూలం వెతకడానికి వాడుతున్నారు. పనిచేసే చోటును, పనిముట్టును మనిషి శరీరానికి అనువుగా తీర్చే శాస్త్రం ఎర్గోనమిక్స్. ఇన్నాళ్లూ కంటిచూపు, కాగితం, పెన్సిలుతో నడిచిన ఆ శాస్త్రంలోకి కెమెరా, సెన్సరు వచ్చి చేరాయి. తిరుపతి, చిత్తూరు జిల్లాలకు ఇది దూరపు ముచ్చటేమీ కాదు. 2008లో పునాది పడిన శ్రీసిటీలో నేడు రెండు వందలకు పైగా సంస్థలున్నాయి. అక్కడ ఇసుజు వాహనాలు, ఆల్‌స్టామ్ మెట్రో పెట్టెలు, సెల్‌ఫోన్లు తయారవుతున్నాయి. సత్యవేడు ప్రాంతంలో హీరో, అపోలో టైర్స్. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు. రేణిగుంటలో ఎలక్ట్రానిక్స్ యూనిట్లు వేలమందికి పని ఇస్తున్నాయి. కొత్త పరిశ్రమ ప్రకటన వెలువడిన ప్రతిసారీ ఉద్యోగాలెన్ని అన్న ప్రశ్నే ముందుకొస్తుంది. ఆ ఉద్యోగంలో ఒళ్లు చెడకుండా మనిషి ఎన్నేళ్లు నిలబడగలడన్న ప్రశ్న పని గంటల పెంపు లాంటి సందర్భాల్లో పైకొచ్చి, మళ్లీ సద్దుమణుగుతుంది. ఈ రెండో ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పగల సాధనం మోషన్ క్యాప్చర్. అయితే అది కార్మికుడికి మేలు చేస్తుందా, అతని మీదే ఆయుధమవుతుందా అన్నది దాన్ని ఏ షరతుల మీద వాడతారన్నదాన్నిబట్టి తేలుతుంది.

ఈ నొప్పుల భారం చిన్నది కాదు. కండరాలు, కీళ్లు, ఎముకలకు సంబంధించిన బాధలతో ప్రపంచంలో దాదాపు 171 కోట్ల మంది ఇబ్బంది పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2020 నాటికి ఒక్క నడుంనొప్పితోనే బాధపడుతున్నవారు 61.9 కోట్లు. ఇవన్నీ పనివల్ల వచ్చినవే అనలేం. వయసు, బరువు, పాత దెబ్బలు కూడా కారణాలే. కానీ పనివల్ల వచ్చేవాటికి ఒక ప్రత్యేక లక్షణముంది. యంత్రంలో చేయి పడితే అదే రోజు రిజిస్టరులో నమోదవుతుంది. భుజం పైకెత్తి రోజుకు వేలసార్లు స్క్రూ బిగించే మనిషికి నొప్పి ఏడాదికో రెండేళ్లకో మొదలవుతుంది, మాత్రలతో మరికొంత కాలం గడుస్తుంది, చివరికి ఆ మనిషి పని మానేసి ఊరెళ్లిపోతాడు. రికార్డుల్లో అది ‘స్వచ్ఛందంగా మానేశారు’ అనే ఉంటుంది. చట్టం కూడా ఈ జబ్బుల్ని చూడలేదు. కార్మికుడికి సోకితే ప్రభుత్వానికి తెలపాల్సిన 29 వృత్తి వ్యాధుల జాబితా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది. సీసం విషం, ఊపిరితిత్తుల సిలికోసిస్, పెద్ద శబ్దాలవల్ల వచ్చే చెవుడు అందులో ఉన్నాయి. నడుము, భుజం, మణికట్టు జబ్బులు లేవు. అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 2010 జాబితాలో మణికట్టు నరం నొక్కుకుపోయే కార్పల్ టనెల్ సిండ్రోమ్‌తో సహా ఈ కోవ వ్యాధులకు విడిగా ఒక విభాగమే కేటాయించింది. జాబితాలో లేని జబ్బును ఎవరూ లెక్కపెట్టరు, లెక్కలో లేనిదానికి ఎవరూ జవాబుదారీ కారు. మోషన్ క్యాప్చర్ అవసరం మొదలయ్యేది ఇక్కడే.

పనిలో కదలికను బొమ్మకట్టి కొలవాలన్న ఆలోచన సినిమా అంత పాతది. 1878లో అమెరికాలో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ గుర్రం పరుగును వరస కెమెరాలతో పట్టాడు. 1880ల్లో ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త మారే ఒకే పలక మీద మనిషి నడకలోని దశలన్నీ నమోదు చేశాడు. దాన్ని పనిలోకి తెచ్చినవారు ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు. ఇటుక పేర్చే పనిలో ఉన్న పద్దెనిమిది కదలికల్ని ఐదుకు తగ్గించవచ్చని ఫ్రాంక్ చూపాడు. అందులో కీలకం చిన్న ఏర్పాటే: ఇటుకల్ని నేలమీద కాకుండా సర్దుబాటు చేసుకోగల పరంజా మీద నడుమెత్తులో ఉంచడం. ఆ దంపతులు తర్వాత కార్మికుల వేళ్లకు చిన్న దీపాలు కట్టి, చీకటి గదిలో ఫొటో తీసి, చేతి దారిని వెలుగు గీతగా పట్టారు. నేటి మోషన్ క్యాప్చర్‌కు అదే తాత. అదే కాలంలో ఫ్రెడరిక్ టేలర్ స్టాప్‌వాచ్ పట్టుకుని పనిని సెకన్లలో కొలిచి వేగం పెంచే పద్ధతి ప్రచారం చేశాడు. 1911లో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో ఆ స్టాప్‌వాచ్ మీదే సమ్మె జరిగింది. ఆ గొడవ చివరికి ప్రభుత్వ కర్మాగారాల్లో అలాంటి కొలతకు నిధులు వాడకూడదని అమెరికన్ కాంగ్రెస్ ఆంక్ష పెట్టేదాకా వెళ్లింది. ఒకరి కొలత పరంజా ఎత్తు మార్చింది, మరొకరి కొలత మనిషి వేగం మార్చింది. నూరేళ్లు దాటినా ఈ పరిజ్ఞానం చుట్టూ నడుస్తున్న వాదం సారాంశం ఇంతకు మించి మారలేదు.

కొలిచిన కోణం ప్రమాదకరమో కాదో చెప్పడానికి కొన్ని ప్రమాణాలు ఇప్పటికే స్థిరపడ్డాయి. ఫిన్లండ్ ఉక్కు పరిశ్రమలో 1970ల్లో పుట్టిన ఓవాస్, నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1993లో ప్రకటించిన రూలా, 2000లో వచ్చిన రీబా బాగా వాడుకలో ఉన్నాయి. రూలా ప్రకారం పైచేయి ముందుకు 20 డిగ్రీలలోపు ఉంటే ఒక మార్కు, 45 వరకు రెండు, 90 వరకు మూడు, అంతకుమించి ఎత్తితే నాలుగు. మెడ, నడుము, మణికట్టు మార్కులు కూడా కలిపి చివరికి ఒకటి నుంచి ఏడు మధ్య అంకె వస్తుంది. ఏడు వస్తే పని తీరును వెంటనే మార్చాలని అర్థం. ఇంతకాలం ఈ మార్కులు ఓ నిపుణుడు పక్కన నిలబడి పది నిమిషాలు చూసి వేసేవాడు. ఒకే భంగిమను ఇద్దరు నిపుణులు చూస్తే మార్కులు తేడా రావడం సాధారణం. పైగా ఎవరో చూస్తున్నారని తెలిసి కార్మికుడు ఆ పది నిమిషాలూ ఒద్దికగా పనిచేస్తాడు. సెకనుకు 30 బొమ్మలు తీసే మామూలు కెమెరా ఎనిమిది గంటల షిఫ్టులో 8 లక్షల 64 వేల బొమ్మలు తీస్తుంది. ప్రతి బొమ్మలో కీళ్ల కోణాలు లెక్కకడితే, నడుము 60 డిగ్రీలకు మించి వంగి ఉన్న సమయం షిఫ్టులో ఎంతో, అది భోజనం తర్వాత పెరిగిందో లేదో, ఓవర్‌టైంలో భంగిమ ఎంత క్షీణించిందో తెలుస్తుంది. కంటిచూపు ఎన్నడూ ఇవ్వలేని సమాచారం ఇది.

పరికరాలు మూడు రకాలు. ఒళ్లంతా మెరిసే చిన్న గుండ్లు అంటించి, చుట్టూ పరారుణ కెమెరాలు పెట్టే పద్ధతి అన్నిటికన్నా కచ్చితం. అది ప్రయోగశాలకే పరిమితం, ఖరీదూ ఎక్కువ. రెండోది, దుస్తుల మీద అగ్గిపెట్టెంత సెన్సర్లు కట్టడం. ఇది షాప్‌ఫ్లోర్‌కు వస్తుంది కానీ చుట్టూ ఇనుము, మోటార్లు ఉన్నచోట వాటి అయస్కాంత ప్రభావానికి కొలత తప్పుతుంది. మూడోది కేవలం వీడియో చాలనే పద్ధతి. గూగుల్ 2020లో విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ మామూలు ఫోన్ వీడియోలోనే మనిషి శరీరంపై 33 బిందువుల్ని గుర్తిస్తుంది. ఖర్చు కూలిపోవడానికి కారణం ఇదే. ఇప్పుడు అడ్డు డబ్బు కాదు, వాడే పద్ధతి. వీడియో పద్ధతికి మన దగ్గర మరో చిక్కుంది: చీర కుచ్చిళ్లు, దాని మీద తొడిగిన ఏప్రాన్ తుంటినీ మోకాలినీ కప్పేస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఊహించి చెబుతుంది. మహిళలు ఎక్కువగా పనిచేసే చోట ఆ ఊహను సెన్సరుతో సరిచూడకుండా నమ్మడం తప్పు.

బరువులెత్తే పనిని చూస్తే కొలత విలువ స్పష్టమవుతుంది. అమెరికా వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ఇందుకు అంతర్జాతీయంగా ఆధారం. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఎత్తదగిన గరిష్ఠ బరువు 23 కిలోలని అది మొదలవుతుంది. వస్తువు ఒంటికి దూరమైనకొద్దీ, నేలకు దగ్గరైనకొద్దీ, ఎత్తాల్సిన దూరం పెరిగినకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. పూర్వపు చిత్తూరు జిల్లాలోని మదనపల్లె మార్కెట్లో హమాలీ ఎత్తే టమాటా బాక్సును ఉదాహరణగా తీసుకోవచ్చు. బాక్సు 25 కిలోలు, పట్టు నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తులో, చేతులు ఒంటికి 40 సెంటీమీటర్ల దూరంలో, లారీ తొట్టి మరో మీటరు పైన అనుకుంటే సూత్రం సిఫారసు చేసే బరువు సుమారు 10 కిలోలే. అంటే ఎత్తుతున్నది సురక్షిత పరిమితికి రెండున్నర రెట్లు. నిమిషానికి ఎన్నిసార్లు ఎత్తుతున్నారన్నది కలిపితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. అదే బాక్సును నడుమెత్తున్న దిమ్మె మీద పెట్టి, ఒంటికి 30 సెంటీమీటర్ల దగ్గరకు తెచ్చి, ఎత్తాల్సిన దూరాన్ని 40 సెంటీమీటర్లకు తగ్గిస్తే సిఫారసు బరువు దాదాపు 18 కిలోలకు పెరుగుతుంది. మనిషి మారలేదు, బాక్సు మారలేదు. ఒక సిమెంటు దిమ్మె ప్రమాదాన్ని సగం దగ్గరికి తెచ్చింది. ఈ దూరాలన్నీ టేపుతో కొలవచ్చు. కానీ రోజంతా వందలసార్లు ఎత్తే మనిషి అలసినకొద్దీ బాక్సును ఒంటికి ఎంత దూరంగా పట్టుకుంటున్నాడో, ఎప్పుడు మోకాళ్లు వంచడం మాని నడుము వంచుతున్నాడో టేపు చెప్పదు, మోషన్ క్యాప్చర్ చెబుతుంది.

ఈ ప్రాంతంలో ఎర్గోనమిక్స్ అవసరం పెద్ద కర్మాగారాల గేటు దగ్గర ఆగదు. నిజానికి అసలు అవసరం వాటి బయటే ఎక్కువ. తమిళనాడులోని కృష్ణగిరితోపాటు దేశంలో మామిడి గుజ్జు తయారీకి రెండు ప్రధాన కేంద్రాల్లో చిత్తూరు ఒకటి. తోతాపురి సీజన్లో లారీల వరసలు రోడ్డు మీద కిలోమీటర్లు సాగుతాయి. లోపల కాయను కడగడం, ఏరడం, ముచ్చిక తీయడం, కోయడం వంటి పనుల్లో మహిళా కూలీలే ఎక్కువ. కొద్ది వారాల్లో ఏడాది పని అయిపోవాలి కాబట్టి షిఫ్టులు ఆగవు, తడి నేల మీద నిలబడటం తప్పదు. బల్ల అందరికీ ఒకే ఎత్తు. పొడుగు మనిషి మెడ వంచాలి, పొట్టి మనిషి భుజం ఎత్తాలి. కుప్పం, పలమనేరు వైపు చింతపండు కొట్టే పని, శ్రీకాళహస్తి కలంకారీ, నగరి మరమగ్గాలు, వెంకటగిరి చేమగ్గాలు అన్నీ ఇదే కోవ. తిరుమల కల్యాణకట్టలో రోజుకు ఇరవై వేలకు పైగా భక్తులు తలనీలాలు సమర్పించడం మామూలే. ప్రతి తల వెనకా ఒక క్షురకుడి వంగిన మెడ, తిప్పిన మణికట్టు ఉన్నాయి. కూర్చునే పీట ఎత్తులో కొద్దిపాటి మార్పు ఏం చేయగలదో తేల్చడానికి ఇంతకన్నా మంచి చోటు ప్రపంచంలో మరొకటి దొరకదు. ఒకే కదలిక, వేలసార్లు, ఏడాది పొడవునా జరిగే పని అది. దేవస్థానం కోరుకుంటే ఇది నెలరోజుల్లో తేలే విషయం.

అయితే పడమటి దేశాల ప్రమాణాల్ని ఉన్నవున్నట్టు తెచ్చి వేయడంలో ఇబ్బందులున్నాయి. రూలా, రీబా రెండూ కుర్చీలో కూర్చున్న, లేదా నిలబడ్డ మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. బాసింపట్టు వేసుకుని నాలుగు గంటలు కలం పట్టే కలంకారీ కళాకారుడికి, గొంతుక్కూర్చుని చింతపండు కొట్టే మహిళకు ఆ మార్కులు సరిగ్గా అతకవు. చిన్నప్పటి నుంచి నేలమీద కూర్చోవడం అలవాటైన తుంటికి, అలవాటులేని తుంటికి తేడా ఉంటుంది. శరీర కొలతలదీ అదే సమస్య. భారతీయుల శరీర కొలతల మీద జాతీయ డిజైన్ సంస్థ 1997లో ప్రచురించిన గ్రంథమే ఇప్పటికీ పెద్ద ఆధారం. ఆనాటి తరానికీ నేటి ఇరవై ఏళ్ల అమ్మాయికీ ఎత్తులో తేడా వచ్చింది. పైగా మోషన్ క్యాప్చర్ కోణాన్ని చూస్తుంది కానీ బలాన్ని చూడదు. కిలో బరువును, ఇరవై కిలోల బరువును ఒకే భంగిమలో ఎత్తితే కెమెరాకు రెండూ ఒకటే. బలం కొలిచే పరికరాలు, కండరాల విద్యుత్ సంకేతాల నమోదు తోడుంటేనే చిత్రం పూర్తవుతుంది. కూలీ ముక్కకింత అని ఇచ్చేచోట, మూత్రానికి వెళ్లడానికి సూపర్‌వైజరు అనుమతి కావాల్సినచోట నొప్పికి కారణం కోణంలో మాత్రమే ఉండదు. అది ఏ సెన్సరుకూ అందదు, కార్మికుణ్ని అడిగితేనే తెలుస్తుంది.

ఇతర దేశాల అనుభవం రెండు దారులు చూపుతోంది. మొదటిది పని మొదలుకాకముందే సరిచేయడం. కొత్త మోడల్ కారు తయారీకి ముందే మోషన్ క్యాప్చర్ దుస్తులు వేసుకున్న మనుషులతో బిగింపు పనులన్నీ కంప్యూటర్ నమూనాలో చేయించి, చేయి అందని చోట, నడుము మెలితిరిగే చోట లైన్‌నే మార్చే పద్ధతిని ఫోర్డ్ అనుసరించింది. 2003 నుంచి పన్నెండేళ్లలో గాయాలు 70 శాతం తగ్గాయని ఆ సంస్థ 2015లో ప్రకటించింది. కంపెనీ స్వయంగా చెప్పుకున్న లెక్క కాబట్టి కొంత తగ్గించి చూసినా, దిశ మాత్రం సరైనదే. అదే సంస్థ 2018లో స్పెయిన్‌లోని వలెన్సియా కర్మాగారంలో 21 పనిచోట్ల 70 మంది కార్మికుల కదలికల్ని సెన్సర్ల దుస్తులతో నమోదు చేసింది. ప్రతి ఒక్కరినీ ఎల్లకాలం కనిపెట్టాల్సిన అవసరం లేదని, పనికి కొద్దిమంది చొప్పున కొలిస్తే చాలని ఆ ప్రయోగం చెబుతోంది. రెండో దారి చట్టానిది. దక్షిణ కొరియా 2003 నుంచి కండరాలకు భారమయ్యే పదకొండు రకాల పనుల్ని గుర్తించి, మూడేళ్లకోసారి యజమాని వాటిని పరిశీలించడం తప్పనిసరి చేసింది. పురుషుడు తన బరువులో 40 శాతానికి మించి చేతులతో ఎత్తకూడదని, మహిళకు అందులో 60 శాతమే పరిమితి అని జపాన్ 2013 మార్గదర్శకాలు చెబుతాయి. అంటే 50 కిలోల మహిళకు 12 కిలోలు. 1967 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు పురుషుడికి 55 కిలోల వరకు అనుమతించింది. మన ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ గాయం కలిగించేంత బరువు ఎత్తించకూడదని చెప్పి, అంకెను రాష్ట్రాల నియమాలకు వదిలేసింది. చట్టం గట్టిగా లేకపోతే ఏమవుతుందో అమెరికా చూపింది. అక్కడ 2000 నవంబరులో వచ్చిన ఎర్గోనమిక్స్ నిబంధనను వ్యాపార వర్గాల ఒత్తిడితో 2001 మార్చిలోనే కాంగ్రెస్ రద్దు చేసింది.

ఇక వ్యతిరేక వాదాలు. కార్మిక సంఘాల భయం ఊహ కాదు. స్కానర్ ద్వారా ప్రతి ఉద్యోగి ఎన్ని నిమిషాలు ఖాళీగా ఉన్నాడో లెక్కించినందుకు అమెజాన్ ఫ్రాన్స్ గోదాముల విభాగానికి ఆ దేశ సమాచార రక్షణ సంస్థ 3.2 కోట్ల యూరోల జరిమానా విధించిన సంగతి 2024 జనవరిలో వెల్లడైంది. స్కానరుకే అంత శక్తి ఉంటే, కీళ్ల కదలికను కొలిచే కెమెరా ఎంత చెప్పగలదో ఆలోచించాలి. ఎవరు కుంటుతున్నారో, ఎవరు గర్భవతి కావచ్చో, ఎవరి భుజం బలహీనపడుతోందో అది యజమానికి ముందే చెప్పగలదు. ఆ సమాచారం బల్ల ఎత్తు మార్చడానికి వాడవచ్చు, కాంట్రాక్టు పొడిగించకుండా ఆపడానికీ వాడవచ్చు. కాంట్రాక్టు ఏజెన్సీల ద్వారా కార్మికులు వచ్చే చోట రెండోదే తేలిక. యాజమాన్యాల వాదనలోనూ నిజముంది. శిక్షణ ఇచ్చిన మనిషి ఏడాదికే మానేస్తే నష్టం సంస్థదే. నొప్పి తగ్గితే లోపాలు తగ్గుతాయి, ఉత్పత్తి పెరుగుతుంది. ఎర్గోనమిక్స్ నిపుణుల్లో మరో వర్గం ఉంది. బల్ల ఎత్తు తప్పని తెలుసుకోవడానికి ఇన్ని పరికరాలెందుకు, కార్మికుల్ని అడిగితే చాలదా అని వారి ప్రశ్న. చాలా సందర్భాల్లో వారిదే సరైన మాట. కర్ర కుర్చీ లేని చోట సెన్సరు అక్కర్లేదు, కుర్చీ కావాలి. పక్కనున్న తమిళనాడు 2021లో దుకాణాల ఉద్యోగులకు కూర్చునే హక్కు ఇచ్చింది, అందుకు ఏ కెమెరా అవసరం కాలేదు. అయితే కార్మికుల మాటను యాజమాన్యం తోసిపుచ్చినప్పుడు, రెండు ఏర్పాట్లలో ఏది మేలో తేల్చాల్సినప్పుడు, మార్పు తర్వాత నిజంగా ఫలితం వచ్చిందా అని చూడాల్సినప్పుడు కొలత కావాలి. కార్మికుడి నోటిమాటకు అంకె తోడైతే దాన్ని కొట్టిపారేయడం కష్టమవుతుంది.

మన చట్టం ప్రస్తుతం ఏ పక్షం? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఏడో సెక్షన్ ఉద్యోగ అవసరాల కోసం వ్యక్తిగత సమాచారాన్ని సమ్మతి లేకుండానే వాడుకునే వెసులుబాటు యజమానికి ఇచ్చింది. ఒక కార్మికురాలి మణికట్టు కోణం ఆ అవసరంలోకి వస్తుందో లేదో చట్టం విడిగా చెప్పదు. చెప్పకపోవడమే యజమానికి అనుకూలం. జర్మనీలో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. ఉద్యోగుల ప్రవర్తనను, పనితీరును గమనించగల ఏ సాంకేతిక పరికరాన్నయినా కార్మికుల మండలి అంగీకారం లేకుండా బిగించడానికి అక్కడి 1972 చట్టం 87వ సెక్షన్ ఒప్పుకోదు. యూరోపియన్ యూనియన్ కృత్రిమ మేధ చట్టం ఉద్యోగుల పనితీరు లెక్కించే వ్యవస్థల్ని అధిక ప్రమాద జాబితాలో పెట్టింది. పనిచోట భావోద్వేగాల్ని పసిగట్టే సాఫ్ట్‌వేర్‌ను 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. మన దగ్గర కొత్త కోడ్ కింద నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష ఉంటుందని కేంద్రం చెబుతోంది. మంచిదే. కానీ సెల్‌ఫోన్ల లైన్ల మీద పనిచేసేవారిలో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న యువతులు. మెడ, మణికట్టు నొప్పి మొదలయ్యేదీ ఆ వయసులోనే. విద్యుత్తు వాడే యూనిట్‌ను కర్మాగారంగా లెక్కించే పరిమితి పది మంది కార్మికుల నుంచి ఇరవైకి పెరిగింది కాబట్టి, చిన్న చిన్న యూనిట్లు చాలావరకు ఆ నిర్వచనం బయటే ఉండిపోతాయి. మరోవైపు 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన సవరణలు రోజువారీ పని పరిమితిని తొమ్మిది నుంచి పది గంటలకు, విరామం లేకుండా పనిచేయించగల సమయాన్ని ఐదు నుంచి ఆరు గంటలకు, మూడు నెలల ఓవర్‌టైంను 75 నుంచి 144 గంటలకు పెంచాయి. పెట్టుబడులు రావాలన్న ఉద్దేశం సరే, ఆరో గంటలో నడుము ఏ స్థితిలో ఉంటుందో ముందు కొలిచి నిర్ణయించాల్సిన విషయమది. మోషన్ క్యాప్చర్‌తో తేలికగా తేలే ప్రశ్న అది, ఇప్పటికైనా కొలవవచ్చు.

తిరుపతికి ఇందులో అరుదైన అనుకూలత ఉంది. 2015లో మొదలైన ఐఐటీ తిరుపతిలో కేంద్ర ప్రభుత్వ జాతీయ మిషన్ కింద నెలకొల్పిన నవావిష్కార్ ఐ-హబ్ ప్రత్యేకించి స్థాన నిర్ధారణ, కచ్చితత్వ పరిజ్ఞానాల కోసమే పనిచేస్తోంది. మనిషి కీళ్లు ఎక్కడున్నాయో కనిపెట్టడం ఆ పరిధిలోకే వస్తుంది. ఎముకల చికిత్సకు పేరున్న దేవస్థానం ఆసుపత్రి బర్డ్, వైద్య విజ్ఞాన సంస్థ స్విమ్స్, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం అదే ఊళ్లో ఉన్నాయి. కొలిచే ఇంజినీరు, జబ్బు తేల్చే డాక్టరు, పని జరిగే కర్మాగారం ఒక గంట ప్రయాణ దూరంలో ఉన్న ఊళ్లు దేశంలో తక్కువ. వీటి మధ్య ఒక ఉమ్మడి కేంద్రం ఏర్పాటుకు సెన్సర్ల కిట్లు, శిక్షణ పొందిన ఇద్దరు ముగ్గురు యువ నిపుణులు, ఒక వ్యాను ఉంటే చాలు. మామిడి గుజ్జు యూనిట్లు, మార్కెట్ యార్డులు, మగ్గాల షెడ్లకు వెళ్లి కొలిచి రావచ్చు. చిన్న యూనిట్ సొంతంగా ఈ ఖర్చు పెట్టలేదు, పెట్టాల్సిన పనీ లేదు. నేలమీద కూర్చుని చేసే పనులకు సరిపోయే మార్కుల పద్ధతిని, నేటి రాయలసీమ యువత శరీర కొలతల పట్టికను ఇదే కేంద్రం తయారుచేస్తే అది దేశమంతటికీ పనికొస్తుంది.

దీనికి పెట్టాల్సిన షరతులు మాత్రం స్పష్టంగా ఉండాలి. కొలత పనిచోటు పేరు మీదే నమోదు కావాలి, కార్మికుడి పేరు మీద కాదు. కీళ్ల కోణాలు లెక్కకట్టగానే అసలు వీడియో చెరిపేయాలి. ఎవరిని, ఎన్ని రోజులు, ఎందుకు కొలుస్తారో కర్మాగార భద్రత కమిటీలోని కార్మికుల ప్రతినిధులు ముందే ఒప్పుకోవాలి. కొలతకు ఎంచుకున్నవారిలో కాంట్రాక్టు కార్మికులు, మహిళలు వారి సంఖ్యకు తగినట్టు ఉండాలి. ఫలితం తెలుగులో, అవసరమైనచోట తమిళంలో, హిందీలో నోటీసు బోర్డు మీద పెట్టాలి. ప్రమాదం ఉందని తేలాక యాజమాన్యం ఎన్ని రోజుల్లో ఏం మార్చిందో కూడా పక్కనే రాయాలి. ఈ కొలతను వేగం పెంచడానికి, కూలీ నిర్ణయించడానికి, తొలగింపునకు వాడటాన్ని నేరంగా చూడాలి. నడుము, భుజం, మణికట్టు వ్యాధుల్ని వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చమని రాష్ట్రం కేంద్రాన్ని అడగాలి. కొత్త కోడ్‌ల కింద నియమాలు రూపుదిద్దుకుంటున్న ఈ దశలోనే ఇవన్నీ రాతలోకి రావాలి. కెమెరాలు బిగించి, వాటి లెక్కల మీద షిఫ్టులు నడవడం అలవాటయ్యాక ఏ యాజమాన్యమూ వాటిని తనంతట తాను వదులుకోదు.